నేను, చంకకర్రను

నేను పుట్టింది కాన్పూరులో, 1972లో పెట్టిన ఆలింకో సంస్థ కర్మాగారంలో. వికలాంగులకు ఉపకరణాలు పంచే శిబిరం పుణ్యమా అని వేంసూరు చేరాను. చంక ఒరుసుకోకుండా నా తలకు పాత చీర పేలిక చుట్టింది మా అమ్మ. ఎండాకాలం అది చెమటకు తడిసి, ఆరి, అట్టలా బిరుసెక్కుతుంది. వారానికోసారి విప్పి ఉతుకుతుంది.

షుగరు పుండు ముదిరి ఆమెకు మోకాలి కింద కాలు తీసేశారు. భర్త అంతకుముందే పోయాడు. వితంతు పింఛను 2,016 రూపాయలు పోస్టాఫీసులో వేలిముద్ర వేసి తెచ్చుకునేది. తెలంగాణలో వికలాంగుల పింఛను 2023 జూలై నుంచి 4,016 అయింది. రెండూ ఇస్తారేమోనని ఆశపడింది పాపం. మనిషికి ఒకటే పింఛనట. మొగుడు పోతే ఇంత, కాలు పోతే అంత, రెండూ పోతే మాత్రం ఏదో ఒకటే! ఈ లెక్క కట్టిన పెద్దమనిషిని ఒకసారి చూడాలని నాకు మహా కోరిక.

సరే, పెద్దదే ఇప్పించండని బయలుదేరాం. సదరం శిబిరంలో డాక్టర్లు చూసి సర్టిఫికెట్ ఇచ్చారు. వైకల్యం 40 శాతం ఉంటే చాలు, ఆమెకు అంతకు మించే ఉంది. దరఖాస్తు పింఛన్ల ఆఫీసుకు తీసుకెళ్తే మాత్రం, "నీకు పింఛను వస్తూనే ఉందిగా, కంప్యూటర్ తీసుకోవట్లేదు" అని తిప్పి పంపారు. ఎన్నిసార్లు వెళ్లినా అదే మాట. నా కింది రబ్బరు బిళ్ల అరిగి, గచ్చు మీద జారడం మొదలైంది.

"15100కి ఫోన్ చెయ్యి పిన్నీ, సర్కారే వకీలును పెడుతుంది" అన్నాడు ఆటో అబ్బాయి.

"వకీలంటే మాటలా నాయనా? ఉన్న కుంట కూడా అమ్ముకోవాలి."

అయినా వెళ్లి చూస్తే, సత్తుపల్లి కోర్టులో న్యాయసేవల వాళ్లు ఫీజు మాటే ఎత్తలేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం, 12వ సెక్షన్: ఆడమనిషి అయితే చాలు, ఆదాయంతో పని లేదు. వికలాంగురాలైనా చాలు. పింఛను దగ్గర ఒక్కటే చెల్లిన కష్టాలు ఇక్కడ రెండూ చెల్లాయి.

వాళ్లు పెట్టిన వకీలమ్మ రాసిన అర్జీ అరపేజీ కూడా లేదు. కొత్త పింఛను అడగలేదు, ఉన్నదాన్నే వితంతు కోటా నుంచి వికలాంగుల కోటాకు మార్చమంది. కాదంటే కారణం రాసివ్వమంది.

మళ్లీ పింఛన్ల ఆఫీసు. అదే గది, అదే కుర్చీ. ఈసారి కాగితం తీసుకున్నారు. రసీదు మీద ముద్ర వేయకుండా చేతిలో పెట్టబోతే మా అమ్మ పుచ్చుకోలేదు. నన్ను గుమ్మానికి అడ్డంగా ఆన్చి, "ముద్ర వేయండయ్యా, అప్పటిదాకా నిలబడతాను" అంది.



వేశారు.