గుర్రం లేని జీను

గుర్రాల ఆత్మకథలు లోకంలో ఉన్నాయి. అనా స్యూయెల్ అనే ఇంగ్లీషావిడ 1877లోనే ఒక నల్లగుర్రం చేత దాని కథంతా చెప్పించింది. ‘బ్లాక్ బ్యూటీ’ని మీలో చాలామంది చిన్నప్పుడు చదివే ఉంటారు. ఆ గుర్రం వీపు మీద ఉన్న జీను ఏమనుకుందో మాత్రం ఎవరూ అడగలేదు. మా జాతి బతుకే అంత. పైన రౌతు, కింద గుర్రం, మధ్యలో మేం. పేరు పైకి పోతుంది, దాణా కిందికి పోతుంది. మాకు మిగిలేది చెమట. అది కూడా మాది కాదు.

నేను 1949లో ఇంగ్లండులోని వాల్సాల్‌లో పుట్టాను. జీన్లకు పెట్టింది పేరు ఆ ఊరు. అక్కడి ఫుట్‌బాల్ జట్టును ఇప్పటికీ ‘శాడ్లర్స్’ అనే పిలుస్తారు, అంటే జీనుపనివాళ్లని. నా లోపలి గూడు బీచ్ కర్రతో చేసింది, ముందు భాగాన ఉక్కు రేకు బిగించారు. దాన్ని ‘ట్రీ’ అంటారు. దాని మీద గట్టి పట్టీలు లాగి కట్టి, తడిపిన పందితోలు పరిచి ఆరనిచ్చారు. కింది మెత్తలో ఉన్ని కూరారు. నార దారానికి తేనెమైనం పట్టించి, చెక్క పట్టుకారును మోకాళ్ల మధ్య ఇరికించుకుని, అందులో తోలు బిగించి, ఆరెతో బెజ్జం పొడిచి రెండు సూదులతో ఎదురెదురుగా కుట్టారు. కూర్చునే చోట దగ్గరగా చూస్తే చిన్న చుక్కలు మూడేసి చొప్పున కనబడతాయి. పంది వెంట్రుకలు మొలిచిన రంధ్రాలవి. పందితోలని చెప్పి అమ్మే జీను మీద చుక్కలు అలా మూడేసి కాకుండా వరసలు తీరి ఉంటే అనుమానించండి, అచ్చొత్తిన తోలై ఉంటుంది.

ఇంత ముచ్చటగా కుట్టిన నన్ను చేయించింది మాత్రం కనబడకుండా ఉండటానికి! నేను ప్రదర్శన జీనును, అంటే గుర్రాల అందాన్ని చూసే పోటీల్లో వేసే జీనును. మామూలు జీనుకు పక్కల వేలాడే తోలు రెక్కలు కాస్త ముందుకు వంగుతాయి, రౌతు మోకాలికి చోటిస్తాయి. నా రెక్కలు నిట్టనిలువు. గుర్రం భుజం ఎంత పొడవుగా, ఎంత ఏటవాలుగా ఉంటే అంత అందమని ఆ లోకపు లెక్క. నా రెక్క ఒక అంగుళం ముందుకొస్తే భుజం అంత కురచగా కనబడుతుంది. అందుకని నన్ను నిలువుగా కోసి, పలచగా కుట్టి, వీపు మీద వీలైనంత వెనక్కి సర్ది, గుర్రానికి అడ్డు రాకుండా పడి ఉండమన్నారు.

నేనెక్కినవన్నీ పోనీలే. పోనీ అంటే గుర్రప్పిల్ల కాదు, పొట్టి జాతి గుర్రం. బ్రిటన్‌లో పిల్లలు ఎక్కి చూపించే ప్రదర్శన పోనీలను అప్పట్లో మూడు ఎత్తులుగా విడదీసేవారు: 12.2, 13.2, 14.2. కొలత పేరు ‘హ్యాండ్’, అంటే నాలుగు అంగుళాలు. చుక్క తర్వాత ఉన్నది దశాంశం కాదు, మిగిలిన అంగుళాలు. ఇప్పుడు 128, 138, 148 సెంటీమీటర్లంటున్నారు. ఒక్క అర అంగుళం ఎక్కువైతే పోనీ పై తరగతికి పోయి పెద్దవాటి మధ్య చిన్నదైపోతుంది. అందుకే కొలతల రోజుకు ముందు లాడాలు పీకించి, డెక్కలు చెక్కించే తల్లిదండ్రులను చూశాను. పిల్లల ఎత్తు పెంచడానికి తాపత్రయపడే తల్లిదండ్రులే, గుర్రం ఎత్తు తగ్గించడానికీ అంతే తాపత్రయపడ్డారు.

నేను పుట్టిన ఏడు ఆ లోకానికి మంచి ఏడు. యుద్ధం ముగిసింది, ఊరూరా ప్రదర్శనలు మళ్లీ మొదలయ్యాయి. బ్రిటిష్ షో పోనీ సొసైటీ 1949లోనే ఏర్పడింది. లండన్‌లోని హారింగే అరీనాలో ‘హార్స్ ఆఫ్ ది ఇయర్ షో’ కూడా ఆ ఏడాదే మొదలైంది. ఆ తర్వాత అది వెంబ్లీకి మారింది, 2002 నుంచి బర్మింగ్‌హామ్‌లో జరుగుతోంది. నేను ఆ దీపాల వెలుగు చూడలేదు. మా పోనీ ఎన్నడూ అంతదాకా నెగ్గలేదు. 1950ల మొదట్లో ప్రెట్టీ పాలీ అనే పోనీ పేరు మాత్రం గుర్రపుశాలల్లో దేవత పేరులా వినబడేది. బుల్ఖ్ వాలెంటినో అనే మగ పోనీ సంతానం తర్వాతి దశాబ్దాల ప్రదర్శనల నిండా తిరిగింది. వేల్స్ కొండ పోనీ, అరబ్బీ గుర్రం, రేసు గుర్రం, ఈ మూడు రక్తాలూ కలిపి ఆ జాతిని తీర్చారు. సన్నని మూతి, పొడుగు మెడ. ట్రాట్ అనే దుడుకు నడకలో కాళ్లు పైకెత్తకుండా, గడ్డి కొసలను తాకీ తాకనట్టు ముందుకు చాచేవి. అంత అందమైన నడక నేను మళ్లీ చూడలేదు. నా మాట నమ్మండి, వీపు మీద కూర్చున్నదానికి తెలిసినంతగా గట్టు మీద నిలబడ్డవాళ్లకు తెలియదు.

బరిలోకి వెళ్లే ముందు అలంకారం చూడాలి. జూలును చిన్న చిన్న జడలల్లి, ఒక్కొక్కదాన్నీ గుండీలా చుట్టి దారంతో కుట్టేవారు. పిరుదుల మీద తడి బ్రష్షుతో రోమం దువ్వి, దువ్వెన ముక్కతో అడ్డంగా చిన్న చిన్న గళ్లు దిద్దేవారు. ఎండలో ఆ గళ్లు చదరంగం బల్లలా మెరిసేవి. కళ్ల చుట్టూ, మూతి చుట్టూ నూనె. నుదుటి పట్టీకి రంగు రిబ్బన్లు. కళ్లెంలో రెండు ఇనుపకడ్డీలు, చేతిలో నాలుగు పగ్గాలు. పదేళ్ల పిల్ల ఆ నాలుగింటినీ సన్నని వేళ్ల మధ్య పట్టుకునేది. తల మీద మఖమలు టోపీ, గడ్డం కింద పట్టీ లేదు. ఎందుకు లేదంటే, ఉంటే బాగుండదని.

పెద్ద గుర్రాల పోటీల్లో న్యాయనిర్ణేతే ఎక్కి చూసుకుంటాడు. పోనీ చిన్నది, ఆయన పెద్దవాడు కాబట్టి మా పోటీల్లో నేల మీద నిలబడి చూడటమే. తల మీద బౌలర్ టోపీ, చేతులు వెనక్కి. ముందు అందరూ గుండ్రంగా నడక, ట్రాట్, ఆపైన క్యాంటర్ అనే మెల్లని దౌడు. తర్వాత వరసలో నిలబెట్టి ఒక్కొక్కరి చేతా విడిగా స్వారీ చేయించేవారు. చివరికి జీన్లు తీయించి, ఒట్టి గుర్రాన్ని నడిపించి కాళ్లూ కీళ్లూ చూసేవారు. తంగు విప్పి నన్ను గడ్డి మీద దించగానే, తువ్వాలు పట్టుకుని ఒకావిడ పరుగెత్తుకొచ్చి, నేను కూర్చున్న చోట చెమట మచ్చ తుడిచేసేది. నేనున్న ఆనవాలు కూడా ఉండకూడదు మరి. బహుమతి రిబ్బను ఎప్పుడు కట్టినా కళ్లేనికే కట్టారు, నాకెవరూ కట్టలేదు. దీని మీద నాకు కొంచెం కోపముంది, దాచుకోను.

ఇక స్వారీ తీరు. ‘రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుంది’ అంటారు మీరు. మా దగ్గర రౌతు మెత్తగానే ఉండాలి. ఉన్నట్టే కనబడకూడదు. రికాబు తోళ్లు పొడవుగా, కాళ్లు కాస్త ముందుకు చాపి, జీను వెనక గట్టు దగ్గర నిటారుగా కూర్చోవాలి. పగ్గాలు వదులుగా, పెదవి మీద చిరునవ్వు. దూరం నుంచి చూస్తే ఎంత హాయిగా ఉందో అనిపిస్తుంది. నిజానికి నాలో కూర్చునే చోటే సరిగా లేదు. బల్లపరుపుగా ఉంటాను, మోకాలికి ఆనుడు లేదు. పోనీ ఒక్కసారి బెదిరి పక్కకు దూకితే పిల్ల గడ్డి మీదే. పైగా రౌతు బరువంతా వెనక్కి పోయి గుర్రం నడుము మీద పడుతుంది. వీపులో బరువుకు ఓర్చుకోలేని చోటే అది. భుజం అందంగా కనబడటానికి నడుము నొప్పి భరించింది పోనీ. అప్పుడది ఎవరికీ తోచలేదు, లేదా తోచినా పైకి అనలేదు.

తోచినవాడు ఇటలీలో ఎప్పుడో ఉన్నాడు. ఫెదెరికో కాప్రిల్లి అనే అశ్వికదళ అధికారి, 1907లోనే చనిపోయాడు. అంతకుముందు కంచె దూకేటప్పుడు రౌతు వెనక్కి వాలి, కాళ్లు ముందుకు తన్నిపట్టి, పగ్గాల మీద బరువు వేసేవాడు. పాత వేట బొమ్మల్లో అందరూ అలాగే కనబడతారు. గుర్రం నోరు చీలినంత పనయ్యేది. కాప్రిల్లి దాన్ని తిరగేశాడు: రికాబులు కురచ చేసుకో, ముందుకు వంగు, గుర్రం మెడ చాచుకోనియ్, దాని బరువు ఎటు పోతే నీ బరువూ అటే పోనియ్. ఇంత చిన్న సంగతి ఇంగ్లండు పల్లెలకు ఎక్కడానికి దశాబ్దాలు పట్టింది. 1929లో పుట్టిన పోనీ క్లబ్ పిల్లలకు కొత్త తీరు కొంత నేర్పింది. ఆపైన 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో హ్యారీ లెవెలిన్ ఎక్కిన ఫాక్స్‌హంటర్ బ్రిటన్ జట్టుకు బంగారు పతకం తెచ్చింది. 1956లో పాట్ స్మైత్ అనే యువతి జట్టుతో కలిసి కంచెలు దూకి కంచు పతకం గెలిచింది. అక్కడితో నా పని అయిపోయింది. పల్లెటూరి ఆడపిల్లలందరికీ పాట్ స్మైత్ కావాలని కోరిక. నా మీద కూర్చుని చిరునవ్వులు చిందించడం ఎవరికి కావాలి?

నన్ను ఎక్కిన రెండో పిల్లయితే నన్ను చూస్తేనే మొహం చిట్లించేది. నా మీద కూర్చునే దూకబోయి రెండుసార్లు పోనీ మెడ మీదికి జారింది. తప్పు దానిది కాదు, నాది. ఆ ఏడాది క్రిస్మస్‌కు దానికి ముందుకు వంగిన రెక్కల కొత్త జీను వచ్చింది. నేను ప్రదర్శన రోజులకు మాత్రమే బయటికొచ్చే పండగ చీరనయ్యాను. 1957లో థెల్‌వెల్ వేసిన బొమ్మల పుస్తకం ఆ ఇంట్లో అందరూ చదివారు. గుండ్రటి పోనీలు, వాటి మీద భూతాల్లాంటి ఆడపిల్లలు, ప్రతి పేజీలో ఎవరో ఒకరు గాల్లో. నా లెక్కలో ఆ కాలపు స్వారీకి ఏ ఫోటో కన్నా ఆ బొమ్మలే నిజమైన సాక్ష్యం.

తర్వాత చాలా ఏళ్లు అటకే నా ఇల్లు. పోటీల్లో నాలాంటివాళ్ల స్థానంలో లోతుగా కూర్చునే జీన్లు వచ్చాయి. దిట్టమైన పోనీలకు, కంచెలు దూకే పోనీలకు, కొండ జాతుల పోనీలకు వేరే తరగతులు పెట్టారు. మంచి పనే చేశారు. సొగసు కోసం రక్తాలు కలిపీ కలిపీ, చివరికి పిల్ల ఎక్కాల్సిన గుర్రాన్ని పెద్దవాళ్లు కూడా పట్టలేని అగ్గిపుల్లను చేశారు మరి. మఖమలు టోపీ పోయి గడ్డం పట్టీ ఉన్న హెల్మెట్ వచ్చింది. ఎంత బాధగా ఉన్నా ఒప్పుకోక తప్పదు, తల కన్నా టోపీ అందం ఎక్కువ కాదు.

ఇంతకీ ఈ తెలుగు ఎక్కడ అబ్బిందంటారా? వేలంలో నన్ను కొన్నది ఒక తెనాలి డాక్టరుగారు. వాల్సాల్‌కు దగ్గర్లోనే ఆస్పత్రిలో పని. కూతురు స్వారీ నేర్చుకుంటోందని ముచ్చటపడి తెచ్చారు. స్వారీ నేర్పే ఆవిడ నన్ను తిరగేసి చూసి, ‘నా గుర్రం మీద దీన్ని వేయను’ అని తేల్చేసింది. దాంతో నేను వాళ్ల హాల్లో గోడెక్కాను. తెనాలి నుంచి వచ్చిన డాక్టరుగారి అమ్మగారు నన్ను ఎగాదిగా చూసి, ‘గుర్రం లేకుండా జీనెందుకురా? డబ్బులెక్కువయ్యాయా?’ అన్నారు. ‘పాతది అమ్మా, యాంటిక్’ అన్నారాయన. ‘పాతదైతే మన అటక మీద తక్కువున్నాయా’ అన్నారావిడ. మనవరాలు పకపకా నవ్వి, ‘నాయనమ్మా, ఇది సెలబ్రిటీ’ అంది. ఆ మాటకు నేను కరిగిపోయాను. మెరుపు తగ్గినా, ఇక్కడ నన్ను అందరూ చూస్తున్నారు.

అప్పుడప్పుడు పక్కింటి పెద్దావిడ టీకి వస్తుంది. చిన్నతనంలో పోనీల పోటీల్లో తిరిగిన మనిషి. నన్ను తడిమి, ‘ఆ రోజులే వేరు, ఇప్పటి పిల్లలకు చేతుల్లో ఆ మెత్తదనం లేదు’ అంటుంది. సగం నిజం. చేతుల మెత్తదనం మాట ఒప్పుకుంటాను. నాలుగు పగ్గాలు పట్టుకుని గుర్రం నోరు నొప్పించకుండా నడిపిన పిల్లలను చూశాను. మిగతా సగం ఆవిడ మరిచిపోయింది. నా మీద నుంచి జారి ఏడ్చిన పిల్లలు, ప్రదర్శన కోసం మేపీ మేపీ లావెక్కించిన పోనీలు, ఆ లావు వల్ల డెక్కల లోపల వాచి అడుగు వేయలేక నిలబడిపోయిన పోనీలు ఆవిడ కథల్లో ఉండవు. ఆ రోజులు అందంగా ఉన్నమాట నిజమే. ఎవరికి హాయిగా ఉన్నాయంటే మాత్రం, గట్టు మీద నిలబడి చూసినవాళ్లకు.

మీకు ఒక మాట చెప్పాలి. విదేశాల్లో ఉన్న తెలుగు తల్లిదండ్రులు పిల్లలను స్వారీకి పంపుతున్నారు. ముచ్చటపడి ఎక్కడో నాలాంటి పాత జీను కొంటారు. కొనండి, తప్పు లేదు. గుర్రం మీద వేసేముందు ముందు భాగం రెండు వైపులా పట్టుకుని లోపలికి నొక్కండి, బయటికి లాగండి. కదిలినా, కిర్రుమన్నా లోపలి కర్ర విరిగినట్టే. ముందు భాగాన్ని పొట్టకు ఆనించుకుని వెనక గట్టును మీ వైపు లాగండి. ఉక్కు బద్దలున్న జీను కాస్త వంగి తిరిగి వస్తుంది, నాలాంటి పాత గట్టి జీను అసలు వంగకూడదు. రికాబు తోళ్ల కుట్లు గోటితో గీకి చూడండి, దారం పొడిగా రాలిందా, వాడకండి. ఆపైన జీను సరిచూసే నిపుణులకు చూపించండి. వాళ్లు వద్దంటే బతిమాలకండి. గోడకు తగిలించి, అప్పుడప్పుడు జీను సబ్బుతో తుడవండి. మాకు అది చాలు.