నిమ్మచెక్క పెట్టిన గుర్తు

నేను నాపరాయిని. ఎర్రగుంట్ల దగ్గర గనిలో నుంచి వచ్చాను. కోస్తావాళ్లు కడప బండ అంటారు. భూగర్భ శాస్త్రజ్ఞులు నార్జి అనే ఊరి పేరు కలిపి నార్జి సున్నపురాయి అంటారు. ఏ పేరుతో పిలిచినా పలుకుతాను గానీ, ఆ చివరి పేరులో ఉన్న సున్నాన్ని మాత్రం గుర్తుంచుకోండి. నాకొచ్చిన కష్టమంతా దానివల్లే వచ్చింది.

కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున పొర మీద పొరగా పేరుకున్నదాన్ని. అందుకే గనిలో పనివాళ్లు పొరల సందున ఉలి ఆనించి, సమ్మెటతో తట్టి, చాప విప్పినట్టు నన్ను విప్పారు. నా తోటి రాళ్లు చాలా అక్కడి సిమెంటు ఫ్యాక్టరీలకే పోయాయి. నేను లారీ ఎక్కాను. 1991లో విజయవాడలో ఒక ఇంటి వంటగదిలో రెండు ఇటుక గోడల మీద నన్ను పరిచారు. 8 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు. అప్పటినుంచి ఇదే నా చోటు.

ఆ ఇంటి పెద్దావిడ చేతిగుణం చెప్పాలి. రాత్రి పొయ్యి ఆర్పాక, గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కలు గిన్నెల సబ్బు కలిపి, పాత నూలుచీర ముక్క ముంచి పిండి, ఈ కొస నుంచి ఆ కొసకు తుడిచేది. ఆ సబ్బు పోయేదాకా మంచినీళ్ల గుడ్డతో మళ్లీ. ఆఖరున పొడిగుడ్డ. చాలామంది రెండో తుడుపుతో ఆపేస్తారు, కానీ నన్ను కాపాడింది ఆ మూడోదే. మా ఇంట్లో బోరునీళ్లు. తడి తనంతట తాను ఆరితే నీరు పోయి, అందులోని సున్నం నా మీద తెల్లచారగా మిగిలిపోతుంది.

స్టీలు పీచు నా దగ్గరకు రానిచ్చేది కాదు. రాళ్ల గట్టితనాన్ని 1 నుంచి 10 దాకా లెక్కకడితే నాది 3 దగ్గర ఉంటుంది. కత్తి ఉక్కు నాకంటే గట్టిది. మూకుడు దించితే కింద చెక్కపలక, చింతపండు నానబెడితే గిన్నె కింద పళ్లెం. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

2012లో కోడలు వచ్చింది. వాళ్ల పుట్టింటి వంటగట్టు చీమకుర్తి గ్రానైటు, నల్లటి ఒంటి మీద బంగారు చుక్కలున్న రకం. అక్కడ కుళాయి దగ్గర చార కడితే నిమ్మచెక్కతో రుద్దేవాళ్లు, రాయి తళతళలాడేది. ఆ అమ్మాయి అత్తవారిల్లు అద్దంలా ఉంచాలని, ఎంతో ప్రేమగా ఒక మధ్యాహ్నం నా మీద నిమ్మచెక్క పెట్టింది.

చెక్క తగిలిన చోట సన్నటి బుడగలు లేచాయి. వినీవినిపించనంత చిన్న చిటపట. చార కరిగిపోయింది. దాంతోపాటు నా పైపొరా కరిగింది. ఎందుకంటే ఆ చారా నేనూ ఒకే పదార్థం, కాల్షియం కార్బొనేట్. ఏది మురికి, ఏది రాయి అన్న తేడా పులుపుకు తెలియదు. చీమకుర్తి రాయిది వేరే పుట్టుక. దాని గింజల్లో ఈ సున్నం లేదు, నిమ్మపులుపుకు అంత తేలిగ్గా లొంగదు. పైకి ఇద్దరం నలుపే, పక్కపక్కన పెడితే తోబుట్టువులే అనుకుంటారు. రాయి ఏదో తెలియకుండా శుభ్రం చేయడానికి పూనుకోకూడదని నేను గట్టిగా చెప్పేది అందుకే. తెలియకపోతే ఎవరికీ కనపడని మూల ఒక చుక్క నిమ్మరసం వేసి చూడండి. బుడగ వస్తే సున్నపురాయి.

తడి ఆరాక బూడిదరంగు మచ్చ తేలింది. అదీ మురికే అనుకుని ఆ పిల్ల మర్నాడు స్నానాలగది కడిగే ఆసిడ్ తెచ్చింది. ఈసారి నురుగు పొంగింది. మచ్చ అరచేయంతయింది.

"అత్తయ్యా, ఎంత రుద్దినా ఈ తెల్లమరక పోవట్లేదండీ," అంది, కళ్లనీళ్లు పెట్టుకుని.

పెద్దావిడ వచ్చి కోడలి వేలు పట్టుకుని నా మీద ఆనించింది. "మరకైతే నున్నగానే ఉంటుందమ్మా. ఇక్కడ గరుగ్గా తగలట్లా? ఇది రాయి తినేసిన చోటు."

మరకకు వైద్యం ఉంది. ఒకసారి నూనె ఒలికి నల్లగా దిగితే వంటసోడా ముద్దగా కలిపి పట్టువేసి, పైన ప్లాస్టిక్ కాగితం కప్పి, రాత్రంతా ఉంచి, తీసి ఆరనిచ్చారు. పొడి నూనెను పైకి లాగేసింది. తినేసిన చోటుకు అలాంటి మందు లేదు. పొరుగావిడ మాట విని వేరుశనగనూనె రాశారు. రెండు రోజులు నల్లగా మెరిశాను, మూడో రోజుకు జిడ్డుకట్టి దుమ్ము పట్టాను.

చివరికి పాలిష్ అతన్ని పిలిచారు. నీళ్లు పోస్తూ ముందు గరుకు వాటర్ పేపరు, తర్వాత అంతకంటే సన్నది, ఇంకా సన్నది, మధ్యాహ్నం దాకా ఓపిగ్గా రుద్దాడు. నా ఒంటి మీది పలచటి పొర బురదనీళ్లయి సింకులోకి పోయింది. నలుపు మళ్లీ తేలింది. ఆరాక సీలర్ పూసి, నాలుగు నీటిబొట్లు చల్లి చూపించాడు. అవి ఇంకకుండా పూసల్లా నిలబడ్డాయి.

"ఇది మరకను ఆపుతుందమ్మా, పులుపును ఆపదు," అని రెండుసార్లు చెప్పి వెళ్లాడు.

గోడ మూల, అతని చెయ్యి ఆడనిచోట, నిమ్మచెక్క గుర్తు ఒకటి సగం గుండ్రంగా ఉండిపోయింది. కోడలు దాని మీద ఉప్పుజాడీ పెట్టింది. రాత్రి మూడో తుడుపప్పుడు జాడీ ఎత్తి, ఆ చోటును కూడా పొడిగుడ్డతో ఒకసారి అద్ది, మళ్లీ అక్కడే పెడుతుంది.