ఎక్స్‌రే సూత్రానికి మడమ తిప్పని వ్యాఖ్య

మూలం: ‘కాల్కేనియల్ స్పర్ నోటెడ్. క్లినికల్ కోరిలేషన్ సజెస్టెడ్.’

అవతారిక: పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో మేకు దిగి, గోడ పట్టుకుని వంటింటిదాకా చేరే జీవికి, ఆరువందలు సమర్పించిన పిమ్మట సిద్ధించిన సూత్రమిది.

టీక: కాల్కేనియల్ = మడమ ఎముకకు సంబంధించిన. పాదంలోని 26 ఎముకల్లో ఇదే పెద్దది. స్పర్ = ముల్లు. నోటెడ్ = సుగమం.

విశేషం: మడమకు సంస్కృతంలో పార్ష్ణి అని పేరు. ఇక్కడ కౌటిల్యుణ్ణి తలవకపోతే పాపం. రాజు ముందుకు దండెత్తిపోతుంటే వెనకనుంచి వచ్చిపడే శత్రువు అర్థశాస్త్రంలో పార్ష్ణిగ్రాహుడు, అంటే మడమ పట్టుకునేవాడు. వాడి వెనక మన మిత్రుడు ఆక్రందుడు. ఆ వెనక పార్ష్ణిగ్రాహుడి తోడు ఒకడు, ఆక్రందుడి తోడు ఒకడు. పన్నెండుగురి రాజమండలంలో నలుగురు మడమవైపే! మా ఇంట్లో ఆక్రందుణ్ణి నేనే. ఇక ఎవరి పక్షమూ పట్టని బలవంతుడు ఉదాసీనుడు. ఇతడెవరో డాక్టరుగారి గదిలో తెలిసింది. ఫిల్మును లైటుకెత్తి చూశారు, నా కాలు చూడలేదు. ‘ఏజ్ అండీ’ అన్నారు. ‘కోరిలేషన్’ అని, అంటే రోగిని చూసి పోల్చుకోమని, ఎక్స్‌రే వారు ఆయన మీదికి తోస్తే, ఆయన నా వయసు మీదికి తోశారు.

ఎక్స్‌రేలు లేని కాలంలో సుశ్రుతుడు, కాలు వంకరగా పడటంవల్ల వచ్చే ఇలాంటి బాధకే వాతకంటకమని పేరు పెట్టాడు. ఆయనదీ ముల్లే, ఫిల్ము ఖర్చు లేదు.

పూర్వపక్షం: ముల్లు కోయించాలా? సిద్ధాంతం: అక్కర్లేదు. నొప్పి ఎరగని మడమల్లోనూ ఆ ముల్లు ఉంటుంది. నొప్పి సాధారణంగా మడమనుంచి వేళ్ల మొదళ్లదాకా అరికాలి కింద సాగే పట్టీది. దాన్ని ప్లాంటార్ ఫేషియా అంటారు. మంచం దిగకముందే కాలివేళ్లను మనవైపు లాగి పట్టుకోవడం, నీళ్లు గడ్డకట్టించిన సీసాను అరికాలి కింద దొర్లించడం, గ్రానైటు మీద ఉత్తకాళ్లతో తిరగకపోవడం. కొన్ని నెలలు పట్టినా చాలామందికి వీటితోనే తగ్గుతుంది. ఈ నాలుగు ముక్కలు ఎక్స్‌రే కవరు మీద తెలుగులో రాస్తే ఎవరి సొమ్ము పోయింది? నాకు చెప్పింది ఫిజియోథెరపీ అమ్మాయి, లిఫ్టు కోసం నిలబడి, ఫీజు లేకుండా.

తాత్పర్యం: ఇంట్లో మెత్తటి చెప్పులు వేసుకోవాలి.

వేసుకున్నాను. ‘వంటింట్లోకి చెప్పులతోనా!’ అంది మా అమ్మ, వెనకనుంచి.