ఐపీ ఎందుకు, ప్రకటన చాలదా!

అప్పులవాడు ఎదురొస్తే పక్క సందులోకి జారుకోవడం మనకు తెలిసిన విద్య. పోలండ్‌లో అంత శ్రమ అక్కర్లేదు. సందు చట్టమే వేసి, దీపాలు కూడా పెట్టింది.

ఐపీ పెట్టేదాకా పోకుండా వ్యాపారాన్ని నిలబెట్టుకోమని 2016 జనవరి 1 నుంచి అక్కడ పునర్వ్యవస్థీకరణ చట్టం అమల్లో ఉంది. అందులో దారులు నాలుగు. కరోనా కాలంలో, 2020లో, తాత్కాలికమంటూ ఇంకో వెసులుబాటు ఇచ్చారు. 2021 డిసెంబర్ 1న దాన్ని చట్టంలోనే స్థిరపరిచారు.

అదెలా పనిచేస్తుందంటే, పోజ్నాన్‌లో ఒక బేకరీ ఉందనుకోండి. పిండి వ్యాపారికి ఆర్నెల్లుగా బాకీ. యజమాని లైసెన్సున్న సలహాదారుతో ఒప్పందం రాసుకుంటాడు. ఆ సలహాదారు బాకీదారుల జాతీయ రిజిస్టర్‌లో ఆన్‌లైన్‌గా ఒక ప్రకటన వేస్తాడు. జడ్జి ఒక్క కాగితమూ చూడలేదు. అయినా ఆ రోజు నుంచి జప్తు అధికారి ఆగిపోవాలి. దుకాణం అద్దెకిచ్చినాయన ఇష్టమొచ్చినట్టు ఖాళీ చేయించలేడు. గడువు 4 నెలలు. పిండి వ్యాపారికి ఈ శుభవార్త చెప్పేది కంప్యూటర్ తెరే, అదీ ఆయనంతట ఆయన వెతుక్కుంటే!

దీనివల్ల తన నోట్లో మట్టి పడిందని ఆయన కోర్టుకెళ్లి ఆ రక్షణ ఎత్తేయమని అడగొచ్చు. ఉత్తర్వు ముందొస్తుందో 4 నెలలు ముందు గడుస్తాయో కోర్టు దయ. లేదంటే రాజీ ప్రతిపాదన మీద ఓటెయ్యాలి. ఓటేసినవాళ్లలో ఎక్కువమంది ఒప్పుకుని, ఓటేసినవాళ్లందరి బాకీలో వాళ్లది మూడింట రెండొంతులుంటే, కోర్టు ఆమోదించాక కాదన్నవాడికీ అదే రాత. నిజం చెప్పాలంటే, బేకరీ మూసేసి పొయ్యి వేలం వేయిస్తే మాత్రం ఆయనకు దక్కేదెంత?

మామూలు బాకీల్లో కోత పెట్టొచ్చు గానీ, సామాజిక బీమా సంస్థ ‘జూస్’ కట్టించుకునే చందాలో మాత్రం పైసా తగ్గదు. వాయిదాలు వేసుకోండి, గడువు అడగండి, అంతే. త్యాగానికి పిండి వ్యాపారి ఉండగా సర్కారు ఎందుకు దిగుతుంది?

ఇలాంటి ప్రకటనతో రక్షణ పొందినవాడు పదేళ్లు మళ్లీ ఈ దారి తొక్కకూడదని షరతు ఉంది. పిండి వ్యాపారికి ఆ ఇబ్బందేమీ లేదు, ఆయన దాన్ని ఇంకా వాడుకోలేదు. మరమిల్లుకు ఆయన బాకీ పెరుగుతోంది. సలహాదారు ఫోన్ నంబరు బేకరీవాడినే అడిగి తీసుకున్నాడు.