రెండు సెకన్లు

మా సంస్థలో పాత తెలుగు పుస్తకాల, పత్రికల స్కాన్ బొమ్మలు 11 టెరాబైట్లు ఉండేవి. అన్నీ ఒకే వర్చువల్ మెషీన్‌లో, ఒకే పెద్ద డిస్కులో. బొమ్మకు పేరుండదు, నంబరే. ఏ నంబరు ఏ పుస్తకంలో ఎన్నో పేజీయో చెప్పేది దాని పక్కనే ఉన్న 60 జీబీల చిన్న డిస్కు. కేటలాగంతా అందులోనే.

ఆ కేటలాగు ఒక్క మనిషి చేతి పని. మేమందరం అక్కా అని పిలుస్తాం. చెదలు కొట్టేసిన కార్డులు ముందేసుకుని, చెరిగిపోయిన అక్షరాలు భూతద్దంతో పోల్చుకుంటూ నాలుగేళ్లు టైపు చేసింది. ఎక్కడైనా సంపుటి నంబరు అనుమానంగా ఉంటే ఊహించి వేసే మనిషి కాదు. లేచి వెళ్లి అటక మీది కట్ట దింపి, అసలు పుస్తకం చూసి వచ్చేది. పని అయ్యాక ఆ కార్డులను తూకానికి వేసేశారు.

పాత స్టోరేజీకి వయసైపోయింది. ఆరో డిస్కు దగ్గర నారింజ రంగు దీపం నెలల తరబడి ఆరలేదు. కొత్తది వచ్చింది. ఒక శుక్రవారం రాత్రి 8 గంటలకు పెద్ద డిస్కును కదిలించడం మొదలుపెట్టాను.

మా వర్చువల్ మెషీన్ నడిచేది వీఎమ్‌వేర్‌లో. ఒకప్పుడు అందులో ఇంత డిస్కే కుదిరేది కాదు. 2 టెరాబైట్లు దాటనిచ్చేది కాదు. 2013లో వీస్ఫియర్ 5.5 వచ్చాక హద్దు 62 టెరాబైట్లయింది. డిస్కు పెద్దదయింది గానీ దాన్ని మోసే కష్టం ఎక్కడికి పోతుంది? ఒకే స్టోరేజీలో ఇక్కడి నుంచి అక్కడికి జరపమంటే ఆ పెట్టే లోపల్లోపల సర్దేసుకుంటుంది. ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకు అంటే ఆ సాయం ఉండదు. ప్రతి బ్లాకునూ ఇటు చదవాలి, అటు రాయాలి. మెషీన్ మాత్రం ఆగదు. ఈలోగా ఎవరు కొత్తగా ఏం రాసినా రెండు చోట్లా పడుతుంది. ఈ ఏర్పాటును మనసు పెట్టి చేసినవాళ్లకు నేనిప్పటికీ దండం పెడతాను.

శనివారం పొద్దున అక్క వచ్చి, "ఎంతసేపు పడుతుంది బాబూ?" అని అడిగింది. బోర్డు మీద లెక్క వేసి చూపించాను. సెకనుకు 150 మెగాబైట్లు పోతోంది, 11 టెరాబైట్లకు 20 గంటల పైమాటే. ఆ అంకెల వంక చాలాసేపు చూసింది. "నా చిన్నది మర్చిపోకు" అని స్టీలు డబ్బాలో పులిహోర పెట్టి వెళ్లింది.

సాయంత్రం నాలుగున్నరకు పెద్దది చేరింది. రాత్రంతా కూర్చున్న కళ్లతో లేచి నిలబడ్డాను. ఐదింటికి ఇంటికి వెళ్లబోతూ అక్క మళ్లీ వచ్చింది. ఆమె ముందే చిన్న డిస్కును ఎంచి బటన్ నొక్కాను. గీత మొదటి నుంచి చివరి దాకా ఒక్కసారి పాకింది. పూర్తయినట్టు వచ్చింది.

"అప్పుడే అయిపోయిందా?"

"రెండు సెకన్లు. కొత్తదంతా ఫ్లాష్ అక్కా, వేగం అలాగే ఉంటుంది."

తల ఊపింది. కొత్తచోట ఫైలు తెరిచి చూపించాను కూడా. 60 జీబీ అనే ఉంది. సంతోషంగా వెళ్లింది.

ఆదివారం పాత స్టోరేజీలో మెషీన్ల ఫైళ్లుండే డేటాస్టోర్లు ఒక్కొక్కటే తెరిచి చూశాను. ఎక్కడా ఒక్క ఫైలు లేదు. రాత్రి బ్యాకప్ ఎప్పటిలాగే పచ్చగా వచ్చింది. పెట్టె బయటికి పోయే ముందు డిస్కుల్లోని డేటా తిరిగి రాకుండా తుడిచేయాలని మా నియమం. తుడిచాను. తుడిచినట్టు పత్రం మీద సంతకమూ పెట్టాను.

సోమవారం 9 గంటలకు ఫోన్. "బొమ్మలు వస్తున్నాయి బాబూ, పేర్లు రావట్లేదు."

ఆ చిన్న డిస్కు మామూలు డిస్కు కాదు. నాకంటే ముందున్నవాళ్లెవరో పాత స్టోరేజీలో విడిగా కేటాయించిన ఒక భాగాన్ని, అంటే లన్‌ను ఫిజికల్ పద్ధతి ఆర్‌డీఎమ్‌గా, నేరుగా మెషీన్‌కు తగిలించి పెట్టారు. అలాంటిదాన్ని జరిపితే కదిలేది డేటా కాదు, డేటా ఎక్కడుందో చెప్పే చిరునామా ఫైలు. చూడటానికి ఆ ఫైలు 60 జీబీ అనే కనిపిస్తుంది. గుమ్మం మీది నంబరు పలక కొత్త వీధికి తెచ్చాను, ఇల్లు పాత వీధిలోనే ఉండిపోయింది. ఆ లన్ ఏ డేటాస్టోర్‌లోనూ లేదు, అందుకే నా కంటికి అన్నీ ఖాళీ. బ్యాకప్ కూడా అలాంటి డిస్కును దాటేసి పోతుంది. ఆ ఇంటిని ఆదివారం నా చేత్తో నేనే కూల్చేశాను.

కింద గదికి వెళ్లి అక్క ఎదురుగా నిలబడి, జరిగింది జరిగినట్టు చెప్పాను. తిడుతుందనుకున్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అంది:

"బోర్డు మీద నువ్వు వేసిన లెక్కతోనే చూశాను బాబూ. సెకనుకు 150 అయితే 60 జీబీకి ఆరేడు నిమిషాలు పట్టాలి కదా, రెండు సెకన్లలో ఎలా పోయిందీ అని శనివారం ఇంటికి పోయేదాకా అదే ఆలోచన. నీకు తెలియనిదా, నేనేం అడుగుతానులే అని ఊరుకున్నా."

అని కళ్లజోడు పెట్టుకుని, ఒకటో నంబరు బొమ్మ తెరిచింది.