మా మేడ మీద మిగులు జలాలు

పోలవరం నుంచి బనకచర్లకు వరద నీళ్లే తీసుకుంటారట. ఎవరి వాటా ముట్టుకోరట. ఏటా మూడు వేల టీఎంసీల గోదావరి వృథాగా సముద్రం పాలవుతుంటే చూస్తూ కూర్చోవాలా అని చంద్రబాబు గారు మళ్లీ అడిగారు. ఎన్నోసారో లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాను. ఈసారి మాత్రం ఆ మాటతో నాకు కళ్లు తెరుచుకున్నాయి. మా అశోక్‌నగర్ నీళ్లూ వృథాగా సముద్రంలోకే పోతున్నాయి మరి!

నమ్మరా? మా పక్క హాస్టల్ మేడ మీది ట్యాంకు రోజూ తెల్లారగట్ల పొర్లుతుంది. ఆ నీరు సందులోంచి హుస్సేన్‌సాగర్ నాలాలోకి, నాలా మూసీలోకి, మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలోకి, కృష్ణ బంగాళాఖాతంలోకి. మధ్యలో పులిచింతల ఉంది, ప్రకాశం బ్యారేజీ ఉంది అని ఇంజినీర్లు నసుగుతారు. మిగులు అని ఒకసారి అనేసుకున్నాక అలాంటివి చూడకూడదు.

అందుకని మా బాల్కనీలో వెయ్యి లీటర్ల నీలం డ్రమ్ము పెట్టి, ఆ పొర్లు నీటిని పైపుతో మళ్లించాలని తీర్మానించాను. డ్రమ్ము అనకండి, బ్యాలెన్సింగ్ రిజర్వాయర్. ప్రాజెక్టు పేరు అశోక్‌నగర్–చిక్కడపల్లి అనుసంధానం. ఒక టీఎంసీ అంటే 2,831 కోట్ల లీటర్లు కాబట్టి నా డ్రమ్ము అందులో ఎన్నో వంతో తేల్చలేక క్యాలిక్యులేటర్ చేతులెత్తేసింది.

మొదటి అభ్యంతరం హాస్టల్ ఓనరుది. "పొర్లినా మా నీళ్లేనండీ. ముందు మా వాటా తేల్చండి, డ్రమ్ము సంగతి తర్వాత." ఆయనది ఒంగోలు వైపు. మా సందులో మాత్రం ఆయనే ఎగువ రాష్ట్రం.

అర్జీ మా అపార్ట్‌మెంట్ ప్రెసిడెంటుకు పెట్టాను. మూడో రోజే తిప్పి పంపాడు. 2025 జూన్ 30న కేంద్ర నిపుణుల కమిటీ పోలవరం–బనకచర్ల కాగితాలను ఎలా తిప్పి పంపిందో, అచ్చం అలాగే. అసలు వరద నీరు ఎంతుందో కేంద్ర జలసంఘంతో తేల్చుకోండి, 1980 నాటి గోదావరి అవార్డుతో పేచీ ఉందేమో చూసుకోండి అని వాళ్లన్నారు. అసలు రోజుకెన్ని లీటర్లు పొర్లుతుందో రాసివ్వమని ఈయనన్నాడు. ఎక్కణ్ణుంచి తెచ్చేది? పొర్లడమన్నది మోటారు ఆపే వాచ్‌మన్ నిద్ర మీద ఆధారపడిన సంగతి. బచావత్ ట్రిబ్యునల్ కృష్ణలో నూటికి డెబ్బై అయిదేళ్లు నమ్మకంగా వచ్చే నీటినే పంచింది. వాచ్‌మన్ నిద్రకు అలాంటి భరోసా ఎవరూ ఇవ్వలేరు.

ఈలోగా పై అంతస్తువాళ్లు రెండు బకెట్లతో దిగారు. పోలవరం నుంచి 80 టీఎంసీలు కృష్ణకు మళ్లిస్తే అందులో కర్ణాటకకు 21, మహారాష్ట్రకు 14 అని ఆ గోదావరి అవార్డులోనే ఉందని వాళ్లకెవరు చెప్పారో!

నేను జంకలేదు. బనకచర్ల అంటే గొడవవుతోందని చంద్రబాబు గారు నల్లమల సాగర్ అనలేదూ? నేనూ పేరు మార్చాను. ఇప్పుడది అశోక్‌నగర్–నారాయణగూడ అనుసంధానం. డ్రమ్ము అదే, పైపూ అదే.

విద్యంతా బెజవాడ నుంచే నేర్చాననుకునేరు. అసలు గురువులు మన ఊళ్లోనే ఉన్నారు. కాళేశ్వరానికి ముందు తవ్వారు, 2017 డిసెంబర్‌లో పర్యావరణ అనుమతి తెచ్చుకున్నారు. పని జరిగిపోయాక ఇచ్చిన అనుమతి అదని హరిత ట్రిబ్యునల్ 2020లో తేల్చేసరికి నీళ్లు ఎత్తిపోయడం కూడా అయిపోయింది. పాలమూరు–రంగారెడ్డికి 2015లో కొబ్బరికాయ కొట్టారు. అనుమతులేవని అడిగితే మంచినీళ్లకే అన్నారు. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు 7.15 టీఎంసీల తాగునీటి మేరకు పనులకు ఒప్పుకుంది. ఆ పాఠం నాకు బాగా ఒంటబట్టింది. ముందు పిట్టగోడకు కన్నం కొట్టించి, తర్వాత అర్జీలో 'కేవలం తాగునీటికి' అని రాశాను. ఆ ట్యాంకు నీళ్లు కాకి కూడా తాగదు.

ప్రజాభిప్రాయ సేకరణ కూడా జరిపించాను, సోమవారం పొద్దున పదింటికి. ఆ వేళకు హాస్టల్ పిల్లలంతా చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో కుర్చీలు పట్టుకుని పోటీ పరీక్షలకు 811, 512, 299 అని కృష్ణా వాటాలు బట్టీ పడుతుంటారు. తెలంగాణ ఉద్యమం అడిగిన నీళ్లు, నిధులు, నియామకాలు అన్న మూడింటిలో వాళ్లకిప్పటికి దక్కింది నీళ్ల మీద ఒక మార్కు ప్రశ్న. సభకు నేను, మా ఆవిడ వచ్చాం. ఆమోదం ఏకగ్రీవం.

అప్పుడు కింద ఇడ్లీ బండి అమ్మ తల పైకెత్తి అడిగింది. "గా డ్రమ్ము కారితే నీళ్లు యాడ పడ్తయ్ సారూ? నా బండి మీదనే గదా? నన్నెవ్వరు అడగకపోతిరి?"

నా వేళాకోళం అక్కడితో ఆగిపోయింది.

ఎందుకంటే ఈ మాట దేవీపట్నం అడిగింది. పోలవరం డ్యామ్ లేవకముందే కాఫర్ డ్యామ్ వెనక్కి తన్నిన గోదావరి గిరిజన గూడేల్లోకి వచ్చినప్పుడు, సామాన్లు నెత్తిన పెట్టుకుని కొండలెక్కినవాళ్లు అడిగారు. వేములఘాట్ అడిగింది. ఆ ఊరు రోజుల తరబడి దీక్షలో కూర్చుంది, మల్లన్నసాగర్ కింద మునిగింది. ఇప్పుడు 7,360 కోట్లతో గోదావరి రెండో దశ అని ఆ మల్లన్నసాగర్ నీళ్లనే హైదరాబాద్‌కు తెస్తున్నారు. రేపు మన నల్లాల్లోకి వచ్చేది వాళ్ల ఇళ్ల మీద నిలబడ్డ నీళ్లు. వాటా కోసం రెండు ప్రభుత్వాలూ ఢిల్లీలో గొంతు చించుకుంటాయి. ఈ మనుషుల వాటా మీద ఆ రెంటిలో ఒక్కటీ కేసు వేయదు. అనుమతి ఆరు నెలలు ఆలస్యమైతే రాష్ట్రానికి ద్రోహం జరిగినట్టు గోల! పోలవరం జాతీయ ప్రాజెక్టై పదేళ్లు దాటింది. నిర్వాసిత కుటుంబాల్లో ఇంకా ఎంతోమందికి ఇల్లు రాలేదు. దాన్ని ఆలస్యమని కూడా ఎవరూ అనరు. సిగ్గు లేదా మనకి?

నల్లమల సాగర్ డీపీఆర్‌కు టెండర్లు పిలిచారు కదా. అది ఎవరు రాసినా మొదటి పేజీలో పోలవరంలో ఇంకా ఇల్లు దక్కనివాళ్ల పేర్లు, ఊరూరా అచ్చువేయండి. రెండో పేజీ నుంచి మీ ఇష్టం.