మేమే ఫోన్ చేస్తం సార్

పటాన్‌చెరు దాటి ముంబయి హైవే మీద సంగారెడ్డి వైపు పోతుంటే రుద్రారం గణేశ్‌గడ్డ దగ్గర కొత్త బండ్లు కనబడతాయి, బంతిపూల దండలతో. బానెట్ మీద పసుపు కుంకుమ, టైర్ల కింద నిమ్మకాయలు, ఒక కొబ్బరికాయ. అక్కడ జాబ్ కార్డు తెరవరు, "నిమ్మకాయలు పుణె నుంచి రావాలి" అని ఎవరూ అనరు. బండి జీవితంలో అనుకున్న టైముకు పూర్తయ్యే సర్వీసు బహుశా అదే మొదటిది, అదే చివరిది. ఆ తర్వాత బండి షోరూం చేతిలో పడుతుంది. కొన్నాళ్లకు కంపెనీ నుంచి మెసేజ్ వస్తుంది: మీ వాహనంలో ఫలానా భాగంలో లోపం ఉండొచ్చు, దగ్గరలోని డీలర్‌ను కలవండి, ఉచితంగా మార్చి ఇస్తాం. కలిస్తే సర్వీస్ అడ్వైజర్ ఎంతో మర్యాదగా చెబుతాడు: "పార్ట్ ఇంకా రాలే సార్. రాంగనే మేమే ఫోన్ చేస్తం." రీకాల్ అంటే మన దగ్గర ముహూర్తం వేయని శుభలేఖ. పెళ్లి ఖాయం, భోజనం ఉచితం, ఎప్పుడు రావాలో మాత్రం అందులో రాయరు.

దీనికి అందరూ అడ్వైజర్‌నే తిడతారు. పాపం, అతని మెడలో ఐడీ కార్డు తప్ప చేతిలో ఏమీ ఉండదు. ఈ ఆలస్యం ఒకరి బద్ధకం వల్ల రాలేదు. మన రీకాల్ అనే పని ప్రకటనతోనే ముగిసిపోయేలా తయారైంది. లోపం ఉందని చెప్పేసిన క్షణంలో కంపెనీ గుండె బరువు దిగుతుంది. ఆ బరువు సరాసరి యజమాని నెత్తిన కూర్చుంటుంది, ఎందుకంటే ఇక మీదట ఆయన తెలిసి నడుపుతున్నవాడు. 2021 సెప్టెంబర్ మొదట్లో మారుతీ సుజుకీ సియాజ్, ఎర్టిగా, విటారా బ్రెజా, ఎస్-క్రాస్, ఎక్స్ఎల్6 మోడళ్లలో 1,81,754 పెట్రోలు కార్లను వెనక్కి పిలిచింది. మోటార్ జనరేటర్ యూనిట్‌లో తేడా ఉండొచ్చన్నారు. భాగాల మార్పిడి నవంబర్ మొదటి వారం నుంచి. మధ్యలో ఉన్న రెండు నెలలకు ఒక సలహా ఇచ్చారు: నీళ్లు నిలిచిన చోట నడపకండి, ఎలక్ట్రికల్ భాగాల మీద నేరుగా నీళ్లు కొట్టకండి. సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో! లింగంపల్లి రైల్వే అండర్‌పాస్ సంగతి తెలిసినవాళ్లు ఆ సలహా చదివి నవ్వాలో, కారుకు లైఫ్ జాకెట్ కొనాలో తేల్చుకోవాల్సి వచ్చి ఉంటుంది. 2023 జనవరిలో అదే కంపెనీ ఎయిర్‌బ్యాగ్ కంట్రోలర్ కోసం 17,362 కార్లను పిలిచినప్పుడు ఇంకా నిజాయితీగా మాట్లాడింది: భాగం మార్చేదాకా అసలు బండి నడపవద్దు. మంచి మాటే. కానీ నడపని కారుకు ఈఎంఐ ఆగదు, ఇన్సూరెన్స్ ఆగదు. పాశమైలారంలో పొద్దున షిఫ్టుకు అందుకోవాల్సిన మనిషికి ఏ ఫ్యాక్టరీ హెచ్ఆర్ పట్టికలోనూ రీకాల్ సెలవు అనే గడి లేదు.

చట్టం లేదా అంటే, ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 110ఏ సెక్షన్ చేర్చారు. అది 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. లోపమున్న బండిని వెనక్కి పిలిపించే అధికారం కేంద్రానికి వచ్చింది. అలా పిలిస్తే కంపెనీ పూర్తి ధర తిరిగివ్వాలి, లేదా వేరే బండి ఇవ్వాలి, లేదా బాగుచేసి ఇవ్వాలి. జరిమానా 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా. వినడానికి గంభీరంగానే ఉంది. అయితే యజమానుల ఫిర్యాదులతో ఆ యంత్రం కదలాలంటే, ఏడాదికి పది వేలకు పైగా అమ్ముడయ్యే కారు మోడల్‌కు అవి వెయ్యి పైచిలుకు పోగవ్వాలి. ఆ సంఖ్య చేరేదాకా లోపం వదంతి కిందే లెక్క. కంపెనీ తనంతట తానే లోపం ఒప్పుకొని రీకాల్ మొదలుపెడితే జరిమానా ఉండదని ఇదే సెక్షన్ చెబుతుంది. న్యాయమే. కానీ మొదలుపెట్టిన పనిని ఎన్నాళ్లలో ముగించాలి? ఆ సెక్షన్‌లో ఎంత వెతికినా రోజుల లెక్క దొరకదు. అమెరికా చట్టంలో ఆ లెక్క ఉంది: రీకాల్‌లో ఉన్న బండిని తెచ్చి అప్పగించాక 60 రోజుల్లో సరిగా బాగుచేయలేకపోతే, తగిన సమయంలో బాగుచేయలేదనడానికి అదే ప్రాథమిక సాక్ష్యం. అప్పుడు బండి మార్చడమో, డబ్బు వాపసు ఇవ్వడమో మీదికొస్తుంది. 2015 జూలైలో ఫియాట్ క్రైస్లర్ కంపెనీ 23 రీకాళ్లను సరిగ్గా నడపలేదని అక్కడి రోడ్డు భద్రతా సంస్థ 10.5 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. మన కోటి రూపాయల గరిష్ఠాన్ని దాని పక్కన పెడితే, ఈ మధ్య హైవే పక్క ప్లాటు ధర అడిగినవాళ్లకు నవ్వొస్తుంది.

రోజుల లెక్క లేనప్పుడు షోరూంలో ఏం జరుగుతుందో ఊహించడానికి ఎంబీఏ అక్కర్లేదు. వర్క్‌షాపులో బేలు పరిమితం, మెకానిక్‌లు పరిమితం. ఒక బేలో డెంటింగ్, పెయింటింగ్, పాలిషింగ్ చేయించుకునే కస్టమర్ ఉంటాడు. బిల్లు ఆయనదే, అదనంగా టెఫ్లాన్ కోటింగ్ కూడా అంటగట్టొచ్చు. రీకాల్ బండి ఉచితం. దాని కూలి కంపెనీ ఎప్పుడో, తాను ఖరారు చేసిన రేటుకు పంపుతుంది. ఆ బండికి టెఫ్లాన్ అంటగట్టే వీలు కూడా తక్కువ, యజమాని అప్పటికే కోపంగా ఉంటాడు కదా. ఇంతా తెలిసి ఏ మేనేజరు రీకాల్ బండిని ముందు ఎక్కిస్తాడు? అతన్ని దోషి అనను. గడువు తప్పితే తనకేమీ కాని పనిని ఎవరైనా రేపటికే వాయిదా వేస్తారు.

ఇక్కడ కంపెనీల తరఫున ఒక గట్టి అభ్యంతరం ఉంది. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. భాగాలు ఏ ఒక్క చోటో తయారవుతాయి. లక్ష బండ్లకు ఒకేసారి కావాలంటే దొరకవు. గడువు పెట్టి మెడ మీద కత్తి పెడితే కంపెనీలు లోపాలు బయటపెట్టడమే మానేస్తాయి. 2012 నుంచి వాహన తయారీదారుల సంఘం స్వచ్ఛంద నియమావళి కింద నడిచిన మంచి అలవాటు పాడవుతుంది. మొదటి మాట నిజం. లోపాలున్న టకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగుల విషయంలో, అంత కఠిన చట్టం ఉన్న అమెరికాలోనే, కోట్ల బ్యాగులు మార్చడానికి ఏళ్లు పట్టాయి. కానీ అక్కడ ఏ కంపెనీ ఎంత శాతం పూర్తిచేసిందో లెక్క ప్రజల ముందు పెట్టారు. భాగం లేకపోవడం ఒక సంగతి, ఎప్పుడొస్తుందో చెప్పకపోవడం వేరే సంగతి. మొదటిది కర్మాగారం కష్టం, రెండోది ఉత్త నిర్లక్ష్యం. ఇక రెండో మాటకొస్తే, స్వచ్ఛందంగా ఒప్పుకున్నవాడికి జరిమానా మాఫీ ఇప్పటికే ఉంది. మాఫీ నిజం చెప్పినందుకు ఇచ్చారు, ఆ తర్వాత నిద్రపోయినందుకు కాదు. యజమానులే మెసేజ్‌లు పట్టించుకోరని కూడా అంటారు. అదీ కొంత నిజమే, ముఖ్యంగా చేతులు మారిన సెకండ్‌హ్యాండ్ బండ్లలో. అయితే ఫ్రీ వాషింగ్ క్యాంపుకు నెలకు నాలుగుసార్లు ఫోన్ చేయగల షోరూంకు, ఎయిర్‌బ్యాగ్ కోసం చేయడానికి నంబరు దొరకదంటే నమ్మడం కష్టం.

ఇదంతా కార్లున్నవాళ్ల గొడవ అనుకునేవారికి దగ్గరి ఉదాహరణే ఉంది. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన ప్యూర్ ఈవీ స్కూటర్ బ్యాటరీ పేలి ఒక వృద్ధుడు చనిపోయారు. అదే నెలలో ఆ కంపెనీ ఈట్రాన్స్ ప్లస్, ఈప్లూటో 7జీ మోడళ్లలో 2,000 స్కూటర్లను వెనక్కి పిలిచింది. ఓలా 1,441, ఒకినావా 3,215 బండ్లు పిలిచిందీ ఆ నెలలోనే. ప్యూర్ ఈవీ పుట్టింది ఐఐటీ హైదరాబాద్‌లో, అంటే రుద్రారం నుంచి కాస్త ముందుకెళితే కందిలో. బ్యాటరీ విషయంలో "మేమే ఫోన్ చేస్తం" అన్న మాటకు అర్థమే మారిపోతుంది, ఆ రాత్రి కూడా దాన్ని ఛార్జింగ్ పెట్టక తప్పదు కాబట్టి. 2021లో జనరల్ మోటార్స్ బ్యాటరీ మంటల భయంతో తన బోల్ట్ ఎలక్ట్రిక్ కార్లను ఇతర కార్లకు 50 అడుగుల దూరంలో నిలపమని అమెరికాలో యజమానులకు చెప్పింది. ఇస్నాపూర్‌లో ఇరుకు గదుల్లో అద్దెకుండే కార్మికుడికి ఆ సలహా ఇస్తే, అతను స్కూటర్‌ను ఇంకో ఊళ్లో పెట్టాలి.

అడగాల్సింది పెద్దదేమీ కాదు. రీకాల్ మెసేజ్‌లోనే చివరి తేదీ రాయాలి. ఆ తేదీ దాటితే యజమానికి రోజుకింత చెల్లించాలి, లేదా బదులు బండి ఇవ్వాలి. ట్యాక్సీలకు, షిఫ్టు బస్సులకు ఫిట్‌నెస్ ఇచ్చేముందు చాసిస్ నంబరు కొట్టి పెండింగ్ రీకాల్ ఉందేమో చూడాలి. చట్టం మారేదాకా ఆగలేనివారికి సంగారెడ్డిలో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బండి ఎక్కడ కొన్నా, ఉంటున్న ఊరి కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. పరీక్షలు అవసరం లేని కేసు మూడు నెలల్లో తేల్చాలని ఆ చట్టమే చెబుతుంది. అక్కడా వాయిదాలుంటాయి, నిజమే. కాకపోతే ఆ వాయిదాలకు తేదీ వేస్తారు.